గొట్టములో నీటి నడక

(ఆర్మూరు ప్రాంత గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలోని ప్రసంగపాఠము)



ఆర్మూరు పరిసర గ్రామములలో ఏ రచ్చబండ కడనైనను అడుగదగిన ప్రశ్న యొకటి కలదు. నాలుగంగుళముల గొట్టమొకటి చేయు పనిని రెండంగుళముల గొట్టములెన్ని కలిసి చేయగలవు? పొడవు ఒక్కటే, నీరు దిగు ఎత్తును ఒక్కటే. తొందరపడి చెప్పువారు రెండు అందురు. బడిలో వృత్తవైశాల్యము నేర్చినవారు కొంత ఆలోచించి నాలుగు అందురు. వ్యాసము రెట్టింపైన వైశాల్యము నాలుగు రెట్లగునని వారి లెక్క. ఆ లెక్కలో తప్పు లేదు, కాని నీరు ఆ లెక్కను పాటింపదు. పొలములోని పైపులలో ఆ పనికి ఇంచుమించు ఆరు గొట్టములు కావలెను. నీటికి మారుగా ఆముదము వంటి చిక్కని నూనె వానిలో మెల్లగా పారినచో పదునారు కావలెను.

నాలుగునకును, ఆరునకును, పదునారునకును నడుమనున్న ఈ తేడాయే ప్రసంగవిషయము. ఇది పండితుల వినోదమునకు మాత్రము చెందిన సంగతి యని ఎవరును అనుకొనరాదు. పసుపు పండించు ఊళ్ళలో దీనిపై పంటలును, కొన్ని యెడల అన్నదమ్ముల మాటామంతియు ఆధారపడి యున్నవి.

పసుపు ఎనిమిది, తొమ్మిది నెలల పంట. తొలకరిలో నాటిన దుంప సంక్రాంతి దాటిన పిమ్మట గాని త్రవ్వకమునకు రాదు. వానలు వెనుదీసిన నాటినుండి దుంప ఊరు కాలమంతయు బోరునీటి మీదనో, కాలువనీటి మీదనో గడవవలసి యుండును. నీరు చాలనిచో కొమ్ము బలియదు. నీరు నిలిచినచో దుంపకుళ్ళు పట్టును. కావున ఈ పంటకు నీరు కావలెను, అదియు మడిమడికిని సమముగా కావలెను. ఆర్మూరు పేరనే ఒక పసుపు రకము వాడుకలో నున్నది. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రము నడచుచున్నది. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదులో నెలకొనినది. ఇంత ఖ్యాతి గల పంటయు చేనిలో మాత్రము ఒక గొట్టపు చివరి ధార మీద ఆధారపడి యుండుట గమనింపదగినది.

ఒకే బోరును నమ్మి సేద్యము చేయు అన్నదమ్ములు పెక్కు ఊళ్ళలో కలరు. మోటరు అన్న చేనిలో నుండును. గొట్టము మూడువందల మీటర్లు సాగి తమ్ముని చేనికి చేరును. రెండు చోట్లను ఒకే కొలత గల వాల్వులే. రెండును పూర్తిగా తెరచిన నాడు అన్న మడి నిండును, తమ్ముని మడిలో ధార వ్రేలి లావునకు తగ్గును. అన్న రాత్రివేళ ఏదియో చేయుచున్నాడని తమ్మునికి అనుమానము. తమ్ముడు ఊరక నిందించుచున్నాడని అన్నకు కోపము. మాట పెరిగి పెద్దమనుషుల ముందునకు పోవును. ఇట్టి తగవులలో నిజముగ దొంగయున్నవియు కొన్ని యుండవచ్చును. కాని పెక్కింటిలో దొంగ గొట్టపు గోడయే. అది నీటిని తీసికొనదు, నీటిని ముందునకు త్రోయు బలమును తీసికొనును.

గొట్టములో నీరు ఇనుపకడ్డీ వలె మొత్తము ఒక్కటిగా జరుగునని పలువురు తలంతురు. అట్లు జరుగదు. గోడను తాకియున్న నీటి పొర కదలనే కదలదు. గొట్టమెంత నునుపైనను ఇంతే. నమ్మశక్యము గాకున్న, ఇంటి పంకాను చూడవచ్చును. రెక్క ఏడాది పొడుగునను గిరగిర తిరిగినను దానిపై ధూళి పేరుకొనియే యుండును. రెక్కను తాకియున్న గాలి రెక్కతోపాటే తిరుగుచుండుటచే, ఆ ధూళిని ఊదివేయు గాలి అక్కడ లేదు. గొట్టపు గోడ కడ నీటికిని ఇదే స్థితి. నిలిచియున్న ఆ పొర తన ప్రక్క పొరను పట్టి వెనుకకు లాగును. అది తన ప్రక్కదానిని లాగును. ఇట్లు పొరను పొర పట్టుకొను గుణమునే చిక్కదనము అందురు. తేనెకు అది మిక్కుటము, నీటికి స్వల్పము, గాలికి మరియు స్వల్పము. సాధారణముగా ఏ ద్రవమునకైనను, ఏ వాయువునకైనను అది పూర్తిగా లేకపోదు.

అరటిబోదెను అడ్డముగా కోసిన పొరలో పొర కానవచ్చును. మెల్లగా పారు ద్రవమును అట్టి బోదెగా ఊహింపవచ్చును. వెలుపలి పొర నిలిచియుండగా దానికి లోపలి పొర కొంచెము జారును, ఆ లోపలిది మరికొంచెము. నట్టనడిమి ఊచ అన్నింటికంటె ముందు పోవును. ఇప్పుడు నడుమనున్న ఏదియైన ఒక ఊచను తీసికొని చూతురుగాక. దానిని ముందునకు త్రోయునది దాని ముఖము మీది ఒత్తిడి. వెనుకకు పట్టునది దాని చుట్టునున్న పొర రాపిడి. ఊచ లావు రెట్టింపు చేసినచో ముఖము నాలుగు రెట్లగును, చుట్టుకొలత మాత్రము రెండు రెట్లే యగును. అనగా త్రోపు నాలుగు రెట్లు పెరిగినది, పట్టుటకు ఉన్న చోటు రెండు రెట్లే పెరిగినది. రెండును సరితూగవలెనన్న, జానెడు చోటున ఉండు రాపిడి అక్కడ రెట్టింపు కావలెను. కనుకనే రాపిడి గోడకడ మిక్కిలి హెచ్చు, నట్టనడుమ సున్న.

ఈ లెక్కను కడవరకు చేసినచో రెండు ఫలితములు వచ్చును. మొదటిది, నడిమి ద్రవము సగటు వేగమునకు సరిగా రెట్టింపు వేగముతో పోవును. రెండవది మరింత వింతయైనది. వ్యాసము రెట్టింపైనప్పుడు గోడ దూరమగుటచే సగటు వేగము నాలుగు రెట్లగును. వైశాల్యమెట్లును నాలుగు రెట్లయినది. కావున పారు ద్రవము పదునారు రెట్లగును. వ్యాసమును నాలుగు మారులు వేసి గుణించినట్లన్నమాట. మొదటి ప్రశ్నలో పదునారు అను జవాబు వచ్చినది ఇందువలననే.

దీనిని కనుగొనినవారు ఇద్దరు. ఇద్దరును 1797వ సంవత్సరముననే పుట్టిరి, ఒకరి పని యొకరికి తెలియకయే ఇంచుమించు ఒకే కాలమున ఈ నియమమును చేరిరి. ఒకరు జర్మను దేశపు నీటిపనుల ఇంజనీరు హేగెన్. ఇత్తడి గొట్టములలో నీటిని పారించి 1839లో తన ఫలితములను ప్రకటించెను. మరియొకరు ఫ్రాన్సు దేశపు వైద్యుడు ప్వాజోయ్. ఆయనకు కావలసినది పొలమునకు నీరు కాదు, దేహములోని సన్నని నాళములలో నెత్తురు ఎట్లు పారునో తెలిసికొనుట. అందులకై తలవెంట్రుకకంటె సన్ననైన రంధ్రము గల గాజు గొట్టములను గూడ తీసికొని, వానిలో నీటిని పారించి ఓపికతో కొలిచెను. నాలుగు మారుల గుణకారపు ఈ నియమమునకు నేటికిని వారి పేర్లే నిలిచియున్నవి. దేహము దానిని ఎన్నడో ఎరుగును. సన్నని నాళముల చుట్టునున్న కండరము కొంచెము బిగిసిన చాలును, అక్కడకు పోవు నెత్తురు ఎంతయో తగ్గును. ఏ అవయవమునకు ఎంత పంపవలెనో దేహము ఈ విధముననే సరిచేసికొనుచుండును.

అయినను పొలములోని గొట్టమునకు ఈ నియమము చెల్లదు. ఎందుకు చెల్లదో తెలియుటకు పూజగదిలోని అగరువత్తి చాలును. గాలి ఆడని గదిలో దాని పొగ జానెడు ఎత్తు వరకు దారము వలె నిటారుగా పోవును. ఆ పైన ఉన్నట్టుండి వణకి, మెలికలు తిరిగి, సుడులుగా చెదరును. పొగ అదే, గాలి అదే. నడక మాత్రము మారినది. గొట్టములోని ద్రవమునకును ఈ రెండు నడకలే కలవు. పొరలుగా జారునది స్తరీయ ప్రవాహము. సుడులుగా కలగుండు పడునది సంక్షుబ్ధ ప్రవాహము.

ఈ రెంటి నడుమ ఎల్ల ఎక్కడనో 1883లో మాంచెస్టరు నగరమున ఆస్‌బర్న్ రెనాల్డ్స్ చూపెను. నీటితొట్టిలో గాజుగొట్టము నమర్చి, దాని నోటికడ రంగునీటి సన్నని ధారను విడిచెను. నీరు మెల్లగా పోవునంతసేపు ఆ రంగు గీత గొట్టము కడవరకును చెదరక సాగెను. వేగము పెంచగా ఒకచోట గీత వణకి, గొట్టమంతయు రంగు కలిసిపోయెను. ఆ పరికరము నేటికిని మాంచెస్టరు విశ్వవిద్యాలయమున భద్రముగా నున్నది. తరువాతి కాలమున దానితో మరల ప్రయోగము చేసిన వారికి రెనాల్డ్స్ చూచినంత వేగము వరకు గీత నిలువలేదట. వీధిలోని వాహనముల అదురుచేత అది ముందే చెదరుచుండెను. అదురు లేక, గొట్టపు నోరు నునుపై యున్నచో పొరల నడక ఎంతో దూరము నిలుచునని దీనివలన తెలియుచున్నది.

రెనాల్డ్స్ కనుగొనిన గొప్ప సంగతి యేమనగా, నడక మార్పును వేగమొక్కటియే నిర్ణయింపదు. వేగము, వ్యాసము, చిక్కదనము ఈ మూడును కలసి ఒక అంకెయై నిర్ణయించును. దానికి రెనాల్డ్స్ సంఖ్య యని పేరు. ఈ ప్రాంతపు వెచ్చని నీటికి, అనగా 30 డిగ్రీల నీటికి, దానిని కట్టు సులభోపాయము కలదు. సెకనుకు ఎన్ని మీటర్లు పోవుచున్నదో ఆ వేగమును, మిల్లీమీటర్లలో లోపలి వ్యాసమును గుణించి, వచ్చినదానిని 1250 చేత గుణింపవలెను. ఫలము సుమారు 2000 లోపున్న నీరు పొరలుగా నడచును. అంతకు బాగుగ మించిన సుడులుగా నడచును. నడుమ కొంతదూరము ఎటును నిలుకడ లేని స్థితి.

ఇప్పుడు బోరు గొట్టమును ఈ కొలతతో చూడవచ్చును. బజారులో 75 ఎం.ఎం. అని అమ్మునది, జనులు రెండున్నర యంగుళములనునది, లోపలి వ్యాసము సుమారు 70 మిల్లీమీటర్లుండును. సెకనుకు 4 లీటర్ల నీరు దానిలో పోయినచో వేగము మీటరు కంటె కొంచెము హెచ్చు. సంఖ్య కట్టగా 91 వేలు వచ్చును. రెండువేలెక్కడ, తొంబదియొక వేలెక్కడ! పొలములోని ప్రధాన గొట్టములో నీరు ఎల్లప్పుడును సుడులుగానే నడచును. అక్కడ నడిమి నీరు సగటుకంటె అయిదవ వంతు మాత్రమే వేగముగ పోవును, గోడ దాపున తప్ప తక్కిన నీరంతయు ఇంచుమించు సమముగ సాగును. అది మేలువలె తోచును గాని, సుడులను త్రిప్పుటకు అయిన బలము తిరిగి రాదు. పొరల నడకలో నీటిని రెట్టింపు పంపుటకు రెట్టింపు ఒత్తిడి చాలును. సుడుల నడకలో ఇంచుమించు నాలుగు రెట్లు కావలెను.

అంకెలలో చెప్పినచో సంగతి స్పష్టపడును. సెకనుకు 4 లీటర్లు, 300 మీటర్ల దూరము, కొత్త పీ.వి.సి. గొట్టము, నేల సమతలము. 63 ఎం.ఎం. గొట్టము, లోపల 58 మిల్లీమీటర్లు గలది, వేసినచో రాపిడి వలన పోవు ఎత్తు సుమారు 10.7 మీటర్లు. అనగా నేల సమముగనే యున్నను మోటరు ఆ నీటిని మూడంతస్తుల మేడ ఎక్కించినంత పని చేయవలెను. 75 ఎం.ఎం. వేసినచో అది 4.3 మీటర్లకు దిగును. 90 ఎం.ఎం., లోపల 84 గలది, వేసినచో 1.8 మీటర్లు మాత్రమే. వ్యాసము ఒకటిన్నర రెట్లయినను కాలేదు, నష్టము ఆరవవంతునకు దిగినది. ఒకే నీటిని పంపునప్పుడు సుడుల నడకలో నష్టము వ్యాసమునకు ఇంచుమించు అయిదు మారుల గుణకారపు లెక్కన తగ్గుచుండుటయే ఇందులకు కారణము. గొట్టము కొనునప్పుడు ధర మీద బేరమాడవచ్చును గాని, వ్యాసము మీద బేరమాడుట చేతిలోని నీటిని ఒలుకబోసికొనుటయే.

ఇందులకు ఒక సమాధానము వినవచ్చును. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుండియు, పిదప తెలంగాణములోను వ్యవసాయమునకు విద్యుత్తు ఉచితముగనే యున్నది గదా, మోటరు ఎక్కువ కష్టపడిన రైతుకేమి నష్టమని. నష్టము కరెంటు బిల్లులో కానరాదు, ధారలో కానవచ్చును. మోటరునకు ఎత్తు పెరిగిన కొలది అది పోయు నీరు తగ్గును. ఇది ప్రతి పంపునకును ఉన్న స్వభావము. పది మీటర్లు రాపిడికే పోయినచో పంపు ఆ మేరకు తక్కువ నీటిని ఇచ్చును. సన్నగొట్టము వేసినవాడు కరెంటును గాక నీటినే పోగొట్టుకొనుచున్నాడు. ఎల్బోలును, వంపులును, సగము మూసిన వాల్వులును దీనికి తోడు. ఒక్కొక్క ఎల్బో కొన్ని మీటర్ల గొట్టముతో సమానముగ ఒత్తిడిని తినును.

గోడ గరుకు మాటయు చెప్పవలసి యున్నది. డార్సీ అను ఫ్రెంచి ఇంజనీరు 1840లో తన ఊరు దిజోనుకు దూరపు ఊట నుండి నీటిని తెచ్చి, ఆ పనికి రావలసిన ప్రతిఫలమును వద్దనెను. ఆయన పిమ్మట ఎన్నియో గొట్టములను కొలిచి, కొత్త గొట్టమునకును, లోపల మట్టియు త్రుప్పును పట్టిన పాతగొట్టమునకును పారుదల ఒక్కటి గాదని 1857లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. 1933లో నికురాడ్జె అను శాస్త్రజ్ఞుడు జర్మనీలో గొట్టముల లోపల ఇసుకరేణువులను అంటించి ఆ గరుకు ప్రభావమును మరింత సూక్ష్మముగ కొలిచెను. సుడుల నడకలో గోడ గరుకు పెద్ద పాత్ర వహించును. పొరల నడకలో దాని ప్రభావము ఇంచుమించు లేనట్లే. గరుకును గోడకడ నిలిచిన పొర కప్పివేయును.

ఆర్మూరు వారికి దగ్గరి నిదర్శనము గోదావరి ఒడ్డుననే కలదు. పోచంపాడు వద్ద శ్రీరామసాగరమునకు 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. ఆ జలాశయపు నీటిని నందిపేట మండలము ఉమ్మెడ కడ నుండి ఎత్తి పై భూములకు పంపు పథకము అర్గుల్ రాజారాం గుత్ప ఎత్తిపోతల. అట్టి పథకములలో నీరు పెద్ద గొట్టముల ద్వారా గుట్ట లెక్కవలెను. మీటరున్నర వ్యాసము గల గొట్టములో నీరు సెకనుకు 2 మీటర్ల వేగముతో పోయినచో రెనాల్డ్స్ సంఖ్య 37 లక్షల 50 వేలగును. అంత సంఖ్యకడ చిక్కదనపు మాట వెనుకబడి, గోడ గరుకే ముఖ్యమగును. కావుననే పెద్ద గొట్టములకు లోపల నునుపైన పూత వేయుదురు.

పెద్ద గొట్టముల నుండి ఇక చిన్న గొట్టములకు రావలెను. నిజామాబాదు జిల్లాలో పసుపునకు డ్రిప్పు పెట్టుచున్న రైతులు కలరు. రెండు నడకలును ఒకే చేనిలో చూడదలచినవారికి డ్రిప్పును మించిన పాఠశాల లేదు. ప్రధాన గొట్టములో సుడులు. సాళ్ళ వెంట పరచిన 16 ఎం.ఎం. నల్లగొట్టము కథ విచిత్రమైనది. లోపల 14 మిల్లీమీటర్లు గల ఆ గొట్టము 60 మీటర్లు పరచి, 40 సెంటీమీటర్ల కొక డ్రిప్పరు చొప్పున గంటకు 2 లీటర్లు విడిచినచో, మొదట గంటకు 300 లీటర్లు ప్రవేశించును. అక్కడ సంఖ్య తొమ్మిదివేలు దాటును, నడక సుడులది. డ్రిప్పరు డ్రిప్పరుకడను నీరు తగ్గిపోవుచు, వేగము మందగించుచు, చివరి 14, 15 మీటర్లకు వచ్చునప్పటికి సంఖ్య రెండువేల దరికి దిగి, నీరు పొరలుగా జారసాగును. ఒకే గొట్టములో ఒక కొస రెనాల్డ్స్ చూపిన చెదరిన రంగునీరు, మరియొక కొస చెదరని గీత!

డ్రిప్పరుకు మారుగా మిల్లీమీటరు రంధ్రము గల సన్నగొట్టపు ముక్కలను పెట్టు పద్ధతియు కలదు. వానిలో గంటకు 2 లీటర్లు పోవునప్పుడు సంఖ్య 880; అచ్చముగా ప్వాజోయ్ కొలిచిన గాజుగొట్టముల లోకము. నాలుగు మారుల గుణకారము అక్కడ నిర్దయగా పనిచేయును. బోరునీటిలోని సున్నము లోపల పదవవంతు మిల్లీమీటరు మందము, అనగా ఇంచుమించు వెంట్రుక మందము, పేరుకొనినదనుకొందురుగాక. రంధ్రము 1 నుండి 0.8 మిల్లీమీటరుకు తగ్గినది. నీరు అయిదవవంతు తగ్గునని కన్ను చెప్పును. నిజమునకు వందపాళ్ళలో 41 పాళ్ళే మిగులును. ఆ మొక్కకు సగమునకంటె తక్కువ నీరు. పైకి చూచుటకు గొట్టము బాగుగనే యుండును, చుక్కలు పడుచునే యుండును, దుంప మాత్రము ఊరదు. జల్లెడను కడుగుటయు, తగిన పాళ్ళలో ఆమ్లము కలిపి సున్నమును కరిగించుటయు కేవలము శుభ్రత కొఱకు చెప్పు మాటలు కావని దీనివలన తెలియును. మరియొక చమత్కారము. చలికాలపు తెల్లవారుజామున 20 డిగ్రీలున్న నీరు మధ్యాహ్నపు ఎండలో నల్లగొట్టములో 40 డిగ్రీలైనచో చిక్కదనము మూడవవంతు తగ్గును. ఆ సన్నముక్క నుండి ఒకటిన్నర రెట్లు నీరు వచ్చును. ప్రధాన గొట్టములో ఈ వేడికి ఇంచుమించు మార్పే యుండదు.

డ్రిప్పు గొట్టపు పొడవు విషయమున జరుగు పొరపాటు ఇంకొకటి కలదు. 60 మీటర్ల సాలునకు చాలిన గొట్టము 120 మీటర్లకును చాలునని, మహా అయిన నష్టము రెట్టింపగునని తలంతురు. 60 మీటర్లలో పోవు ఎత్తు సుమారు 0.7 మీటరు. 120 మీటర్లు చేసినచో, అన్ని డ్రిప్పర్లకును నిండుగా నీరు రావలెనన్న, సుమారు 4.8 మీటర్లగును. దూరము రెట్టింపగుటయే గాక, మొదటి సగము రెట్టింపు నీటిని మోయవలసి వచ్చుటచే నష్టము ఏడురెట్లకు చేరినది. గొట్టపు నోట 10 మీటర్ల ఒత్తిడి యున్నచో కొసన సగమే మిగులును. ఒత్తిడిని తామే సరిచేసికొను డ్రిప్పర్లు కొంతవరకు దీనిని కాచును, కాని వాని వెల హెచ్చు. వెల లేని ఉపాయము వేరొకటి యున్నది. నీరు తెచ్చు గొట్టమును చేని అంచున గాక నడుమ వేసి, అటు 60, ఇటు 60 మీటర్లుగా సాళ్ళను పరచినచో నల్లగొట్టము అంతే పట్టును, నష్టము మరల 0.7 మీటరునకు వచ్చును. నడుమ దాక నీరు తెచ్చుటకు కావలసిన కొంచెపు గొట్టమే అదనము.

మొదట చెప్పిన అన్నదమ్ముల తగవు ఈ వెలుగున వేరుగా కనబడును. రెండు వాల్వులును ఒకే కొలతవైనను, వాని వెనుకనున్న ఒత్తిడులు ఒక్కటి గావు. అన్న వాల్వు కడ మోటరు త్రోపు ఇంచుమించు నిండుగనే యున్నది. తమ్ముని వాల్వు చేరులోపల మూడువందల మీటర్ల గోడ దానిని తినివేసినది. సమముగా తెరచుట సమముగా పంచుట కాదు. ఇందు తీర్పు చెప్పువారు అన్నను మందలింపనక్కరలేదు, తమ్ముని అనుమానమును తప్పు పట్టనక్కరలేదు. అన్న వాల్వును కొంత మూసి ఉంచుట ఒక మార్గము. వంతులు పెట్టి, ఒకరి గంటలలో మరియొకరి వాల్వు పూర్తిగా మూయుట రెండవది; అప్పుడును తమ్మునికి గంటకు వచ్చు నీరు తక్కువే గనుక, అతనికి గంటలు ఎక్కువ ఇయ్యవలెను. గంటలు సమముగ పంచి న్యాయము జరిగినదనుట చాలా ఊళ్ళలో కానవచ్చు పొరపాటు. గొట్టమును పెద్దది చేయుట మూడవది, వ్యయముతో కూడినదైనను తగవును వేరుతో తీయునది. 63 ఎం.ఎం. తీసి 90 ఎం.ఎం. వేసినచో ఇద్దరి ఒత్తిడులకును నడుమ తేడా ఆరవవంతునకు వచ్చునని పై లెక్కవలననే తెలిసినది.

ఏ మార్గము పట్టవలెనో తేల్చుటకు యంత్రములు అక్కరలేదు. ప్రతి ఇంటను ఉండు 200 లీటర్ల పీపా యొకటి, సెకన్ల ముల్లు గల గడియారమొకటి చాలును. మొదట అన్న వాల్వునొక్కటే తెరచి, దాని క్రింద పీపా నిండుటకు ఎంతసేపగునో చూడవలెను. సెకనుకు 4 లీటర్లు వచ్చునదైన 50 సెకన్లలో నిండును. పిదప దానిని మూసి, తమ్ముని వాల్వునొక్కటే తెరచి అట్లే చూడవలెను. ఈ రెండు కొలతలకును నడుమ తేడా గొట్టము తిన్న పాలు. ఆ పిమ్మట రెండును తెరచి, రెండు చోట్లను మరల కొలువవలెను. ఈ నాలుగు అంకెలను అన్నదమ్ములిద్దరును కలిసి యుండగనే ఒక కాగితముపై వ్రాసికొని, ఆ కాగితముతో పైపుల దుకాణమునకు పోవచ్చును.